సున్నపు గీతల్లో బెండతోట

నా సవతి కోసం కట్టబోయే గదికి ఇటుకలు ముందే వచ్చాయి. సవతి ఎవరో ఇంకా తేలలేదు. ఆలు లేదు చూలు లేదు గానీ, మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం లారీ వచ్చి మా వాకిట్లో ఇటుకలు దింపేసి పోయింది.

ఎడారి అంచున ఉన్న జుబైర్‌లో మాది చిన్న ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, చుట్టూ గోడ, మధ్యలో గడ్డి పరకైనా మొలవని ఇసుక వాకిలి. ఒక గదిలో నేనూ మా ఆయన మిజ్బానూ, ఇంకోదాంట్లో మా అత్తగారు నూఫా, హజ్ చేసొచ్చింది కనక అందరికీ హజ్జా. మరో మనిషిని తెచ్చుకోవాలంటే వాకిలి తప్ప చోటు లేదు. పెళ్లయి చాలా ఏళ్లయినా మాకు పిల్లలు కలగలేదు. మా వైపు పిల్లలు లేని ఆడదాన్ని పేరుపెట్టి పిలిచి చిన్నబుచ్చరు, మర్యాదగా 'ఉమ్ గాయిబ్' అంటారు. ఇంకా రానివాడి తల్లి అని. పక్కింటివాళ్లకీ, రొట్టెలమ్మే ఆవిడకీ, గ్యాసు బండవాడికీ నేను ఉమ్ గాయిబ్‌నే. మర్యాదకే అంటారని నాకూ తెలుసు. అయినా విన్న ప్రతిసారీ ఎక్కడో కలుక్కుమనేది.

మేస్త్రీ హాతిమ్ గుప్పెట్లో సున్నం పట్టుకుని వాకిట్లో గీతలు గీశాడు.

"ఇదిగో హజ్జా, ఇటు తలుపు, అటు కిటికీ. మంచం ఈ గోడకి వేసుకోవచ్చు."

"మరి ఉయ్యాలో?" అంది అత్తగారు.

"ఉయ్యాలకి ఈ మూల."

నేను టీ పళ్లెం పట్టుకుని సరిగ్గా ఆ మూలలోనే నిలబడి ఉన్నాను. కాస్త పక్కకు జరగమని చెయ్యి ఊపి, నా కాళ్లున్న చోట కూడా గీత గీసేశాడు.

"పని ఎప్పుడు మొదలెడతావు?"

"ఇప్పుడు కాదు హజ్జా. ఈ ఎండకి సిమెంటు పట్టుకోదు, కట్టిన గోడ కట్టినట్టే బీటలిస్తుంది. ఆగస్టు వచ్చి తలుపులో మేకుల్ని కూడా కాల్చేసి పోనీ. ఆ తర్వాత వస్తా."

మిజ్బాన్ టీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు, ఎప్పుడో కరిగిపోయిన చక్కెరని. ఆయన బజారులో ఏసీలు బాగుచేస్తాడు. ఊళ్లో ఎంత మొండి యంత్రమైనా ఆయన చెయ్యి తగిలితే తిరుగుతుంది, తల్లి ముందు మాత్రం ఆయన నోరు తిరగదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నన్ను వదులుకోనని ఒకసారి చెప్పాడు. తల్లిని కాదంటానని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

అలా నాకు ఒక వేసవి మిగిలింది. ఎండలు తగ్గితే మేస్త్రీ వస్తాడు, గది లేస్తుంది, గదిలోకి మనిషి వస్తుంది. ఏడవడం నాకు చేతకాదు. చేతనైంది ఒక్కటే. మాది అబుల్ ఖసీబ్, ఖర్జూర తోటల ఊరు. మా నాన్న చెట్ల నీడన కూరగాయలు పండించి మమ్మల్ని పెంచాడు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న బామియా విత్తనాలు, అంటే బెండ గింజలు, గుడ్డలో ముడికట్టి ఏళ్ల తరబడి పెట్టె అడుగున ఉన్నాయి. తీసి నానబెట్టి, ఆ సున్నపు గీతల మధ్య నాటాను.

అత్తగారు గుమ్మంలో చాప మీద కూర్చుని జపమాల తిప్పుతూ చూసింది.

"ఏం పాతుతున్నావే?"

"బామియా, అత్తయ్యా."

"జుబైర్ ఇసుకలోనా! ఈ కుళాయి నీళ్లతోనా! ఈ నీళ్లతో తలంటుకుంటేనే జుట్టు చీపురవుతోంది. నీకు బెండకాయలు కాస్తాయటే?"

కాయలేదు. రెండాకులు వేసి, ఆ ఆకుల అంచులు అగ్గిపుల్లతో అంటించినట్టు మాడిపోయాయి. మొదళ్ల చుట్టూ మట్టి మీద తెల్లటి పొర కట్టింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. మా కుళాయి నీళ్లు సగం సముద్రం, అడుగున నేల మిగతా సగం.

"చెప్పలేదూ!" అంది అత్తగారు. గొంతులో సంతోషం మాత్రం లేదు. ఆవిడకి బామియా అంటే ప్రాణం. బజారు బెండకాయలు కోస్తే పురుగుమందు వాసన వస్తోందని రెండేళ్లుగా ముట్టుకోవడం మానేసింది.

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని చచ్చిన మొక్కల్ని ఒకవైపు, ఇటుకల దొంతర్ని మరోవైపు చాలాసేపు చూశాను. నేలలో ఉప్పుంటే నేలని వదిలేసి పైకెక్కాలి. ఎక్కడానికి మెట్లు మా అత్తగారే తెప్పించి పెట్టింది.

మా అన్నకి కబురు చేశాను. అత్తగారు ఎవరింటికో పరామర్శకు వెళ్లిన రోజు చూసి, వాడు బండి నిండా ఏటి ఒండ్రుమట్టీ, చివికిన గొర్రెల పెంటా, ఖర్జూర మట్టలూ తెచ్చి పడేశాడు. ఇద్దరం కలిసి ఇటుకలు పేర్చాం. మేస్త్రీ గీసిన గీతల మీదే, ఒక్క జానెడు అటూ ఇటూ పోకుండా. తలుపు ఉండాల్సిన చోట నడవడానికి దారి వదిలాను. మంచం గోడ వెంబడి బెండ. కిటికీ కింద వంకీ దోస. ఉయ్యాల మూలలో, పూర్వం మా మామగారు నీళ్లు తాగిన పాత మట్టికుండని మెడ దాకా పాతాను. కుండలో నీళ్లు పోస్తే చెమ్మ మెల్లగా ఊరి వేళ్లకి అందుతుంది, ఎండ దోచుకోలేదు. పడమటి వైపు మట్టలతో దడి కట్టాను.

అత్తగారు తలుపు తీసుకుని లోపలికొచ్చి, ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"ఎవర్ని పూడ్చావే ఇందులో?"

నిజమే, మూడు వరసల ఇటుకలు, మధ్యలో నింపిన మట్టి. సమాధిలాగే ఉంది.

"పూడ్చలేదు అత్తయ్యా. లేపుదామని చూస్తున్నా."

"అవి ఎవరి ఇటుకలు?"

"మీవే. ఎండలో ఊరికే కూర్చున్నాయి, కాస్త పని చెప్పాను."

"ఓహో! అత్త సొమ్ము అల్లుడి దానం అంటే విన్నాను. కోడలి దానం కూడా ఉందన్నమాట!"

"దానం కాదు, కౌలు. బామియా పండితే మొదటి కుండ మీకే. మేస్త్రీ వచ్చిన రోజు తీసేస్తాను. సిమెంటు పెట్టలేదు, చూడండి, చెయ్యేస్తే ఊడొస్తాయి."

ఆవిడ నిజంగానే వంగి ఒక ఇటుకని కదిపి చూసింది. కదిలింది. తృప్తిపడినట్టు తల ఊపి లోపలికెళ్లింది. రాత్రి అన్నాల దగ్గర కొడుకుతో, "ఆ ఇటుకలు తీయించు" అంది. మిజ్బాన్ రొట్టె తుంచుకుంటూ, "ఎండలు తగ్గాక తీద్దాంలే అమ్మా. ఇప్పుడెవరు ముట్టుకుంటారు వాటిని, చేతులు కాలతాయి" అన్నాడు. ఆయన నోట అంత పొడుగు ఎదురుమాట నేనెప్పుడూ వినలేదు.

రెండోసారి నాటిన గింజలు మొలిచాయి. ఇప్పుడు వాటికి నీళ్లు కావాలి, అదీ మంచినీళ్లు. మా ఇంట్లో రెండు రకాల నీళ్లు. కుళాయిలో వచ్చేవి కడగడానికి, బండివాడు డబ్బాల్లో తెచ్చేవి తాగడానికి. తాగే నీళ్లు మట్టిలో పోస్తే ఆ మట్టిలోనే నన్నూ పాతేస్తానని అత్తగారు ముందే చెప్పింది. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, గ్లాసుల అడుగున మిగిలిన గుక్కలు దాచి పోసేదాన్ని. ఏనుగు దాహానికి చూరునీళ్లు. కుండ సగం కూడా నిండేది కాదు.

అంతలో షర్జీ గాలి మొదలైంది.

షర్జీని ప్రేమించేవాడు మా దేశంలో పుట్టలేదు. సముద్రం మీంచి తడి మోసుకొచ్చి ఒంటికి తడిగుడ్డ చుట్టినట్టు చుట్టుకుంటుంది. ఊపిరాడదు, ఆరేసిన బట్ట ఆరదు, కట్టుకున్న మొగుణ్ని చూసినా కోపం వస్తుంది. ఖర్జూరాలు మగ్గడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదని తిడతాం. ఆ మధ్యాహ్నం నేనూ తిట్టుకుంటూ ఇంటి వెనక బట్టలు పిండుతున్నాను. మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది. తలెత్తి చూస్తే, అత్తగారి గది ఏసీ గొట్టం నుంచి నీళ్లు చుక్కలుగా కాదు, సన్నటి ధారగా కారుతున్నాయి. అరచెయ్యి పట్టి తాగి చూశాను. ఉప్పు లేదు. వాననీళ్లంత తియ్యగా ఉన్నాయి.

ఏళ్ల తరబడి ఆ నీళ్లు గోడని నానబెట్టి సందులో బురద చేస్తున్నాయి. ఆ బురదని తిడుతూ దాటేవాళ్లమే గానీ ఎవరూ వంగి చూడలేదు. గాలి ఎంత తడిగా ఉంటే అన్ని నీళ్లు. మేము తిట్టుకునే షర్జీయే మాకు మంచినీళ్లు మోసుకొస్తోంది!

బకెట్ పెట్టాను. సాయంత్రానికి నిండింది. మిజ్బాన్ ఇంటికొచ్చి, బకెట్ వంకా నా వంకా చూశాడు. మర్నాడు పొద్దున లేచేసరికి మా రెండు ఏసీలకీ గొట్టాలు తగిలించి, గోడ వెంబడి తిప్పి, చివరని ఉయ్యాల మూలలోని కుండ నోట్లోకి దింపేసి ఉన్నాయి. ఆయన పనికి వెళ్లిపోయాడు.

కుండలోకి నీళ్లు పడే చప్పుడు వింటూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఆయన ఇన్నేళ్లలో నాతో ఆడిన అన్ని మాటలూ ఒక ఎత్తు, ఆ చప్పుడు ఒక ఎత్తు.

ఇంక బెండ ఆగలేదు. బెండకి ఎండంటే పండగ. మనుషులం మధ్యాహ్నం గదుల్లో పడి మూలుగుతుంటే అది నిటారుగా నిలబడి ఎదిగేది. గంగవాయిలకూర అడక్కుండానే వచ్చి కింద పరుచుకుంది. దోసతీగ మట్టల దడి ఎక్కేసింది. పేనుబంక పడితే సబ్బునీళ్లు చల్లి వేళ్లతో తుడిచాను.

అత్తగారి చాప గుమ్మంలోంచి ఒక్కో మూర చొప్పున వాకిట్లోకి జరుగుతూ వచ్చింది. ఒకరోజు టీ తాగి, కెటిల్‌లో మిగిలిన ఆకు తెచ్చి మొక్కల మొదట్లో గుమ్మరించింది.

"బయట పారేయడానికి ఓపిక లేక" అంది నాకేసి చూడకుండా.

"పర్లేదు అత్తయ్యా."

"పర్లేదని నాకు నువ్వు చెప్పాలటే? మా ఇంట్లో టీ ఆకు నా ఇష్టం."

ఆ తర్వాత ఆవిడ టీలు తాగడం ఎక్కువైంది. గుడ్డు పెంకులు కూడా వచ్చేవి, ఎవరు నలిపి వేశారో నేను అడిగేదాన్ని కాదు.

జులై చివర్లో మొదటి పువ్వు పూసింది. లేత పసుపు, గొంతులో ముదురెరుపు. అత్తగారు నమాజు నుంచి లేచి నేరుగా దాని దగ్గరికే వెళ్లింది. "చూడు, ఎలా నోరు తెరిచిందో" అంది. ఆ రోజు ఆవిడ గొంతులో వెటకారం లేదు. నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. కానీ అదే వారం ఫోన్లో ఎవరితోనో, "ఎండలు తగ్గాక రండి, మీ చెల్లెల్ని కూడా తీసుకురండి, ఇల్లు చూసుకుందురుగాని" అంటుంటే కూడా విన్నాను. పువ్వు పువ్వే, గది గదే.

పిందెలు పట్టాయి. అప్పుడే పక్కింటి ఉమ్ షాకిర్ పెరుగు గిన్నె పట్టుకుని వచ్చింది. మంచి మనిషే పాపం. కానీ ఆవిడ కన్ను తగిలితే పాలిచ్చే మేక కూడా ఎండిపోతుందని వీధంతా చెప్పుకుంటుంది. దేన్నైనా మెచ్చుకునేటప్పుడు దిష్టి తగలకుండా మాషా అల్లా అనడం మర్చిపోతుంది, అదీ ఆవిడ జబ్బు.

"అమ్మో, ఇన్ని పిందెలే! మా ఆయన తోటంతా వెతికినా ఇన్ని లేవు! ఇంత పచ్చదనం ఎక్కడా చూడలేదు తల్లీ!"

అత్తగారి మొహం మాడిపోయింది. "మాషా అల్లా అనవే" అంది.

"ఆఁ ఆఁ, అదే" అని నవ్వేసి, ఉమ్ షాకిర్ నా వైపు తిరిగింది. "తోటలో తెల్ల ఎరువు బస్తా ఉంది, పంపనా? గుప్పెడేస్తే ఇంతింత కాయలవుతాయి."

"వద్దొదినా. అదీ ఒక రకం ఉప్పే. మాకున్న ఉప్పు చాలు."

ఆ మాటన్నది నేనే. వారం తిరిగేసరికి మొక్కలు తలలు వేలాడేశాయి.

మధ్యాహ్నం ఆకులు వాలడం మామూలే, సాయంత్రానికి లేస్తాయి. ఈసారి లేవలేదు. అంచులు మళ్లీ మాడాయి, సరిగ్గా మొదటిసారి చచ్చినవాటిలాగే. పిందెలు ముట్టుకుంటే రాలాయి. కుండలో నీళ్లు రుచి చూశాను, తియ్యగానే ఉన్నాయి. గొట్టాలు చూశాను, బాగానే ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని మొదళ్ల దగ్గర మట్టి గోకాను. వేళ్లకి పలుకులు తగిలాయి. రాళ్లుప్పు. ఒక మొక్క దగ్గర కాదు, అన్నిటి దగ్గరా.

"అత్తయ్యా, ఇందులో ఉప్పు ఎవరు పోశారు?"

ఆవిడ చేతిలో జపమాల ఆగింది.

"పోయడమేంటి! దిష్టి తీశాను."

"దిష్టా?"

"మరి? దాని కళ్లు చూశావుగా. ఒకసారికి పోయే కళ్లా అవి! ప్రతి మొక్కకీ విడివిడిగా తీశా, రోజూ పొద్దున్నే. నువ్వు రొట్టెలకి వెళ్లినప్పుడు."

"తీసిన ఉప్పు నిప్పుల్లో వెయ్యాలి కదా అత్తయ్యా! మొదట్లో ఎందుకేశారు?"

"పసిపిల్లల పక్కన నిప్పు పెడతారటే ఎవరైనా?"

ఆ మాట అనేసి ఆవిడ ఆగింది. వాకిట్లో కుండలోకి నీళ్లు పడే చప్పుడు ఒక్కటే వినిపించింది, అంతలో కరెంటు పోయి అదీ ఆగిపోయింది.

నాకు కోపం రావాలి. నా వేసవంతా ఆవిడ గుప్పిళ్లతో తీసి ఉప్పులో కలిపింది. కానీ పొద్దున్నే ఇసుక నేల మీద మోకాళ్ల నొప్పులతో వంగి, ఒక్కో మొక్క చుట్టూ మూడుసార్లు చెయ్యి తిప్పుతున్న ముసలావిడ కళ్లకి కట్టింది. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆ మూలలో ఉయ్యాల కోసం ఈవిడ కూడా నాతో పాటు అన్నేళ్లూ ఎదురుచూసింది కదా అనిపించింది. ఆ రోజు వరకు ఎదురుచూసింది నేనొక్కదాన్నే అనుకున్నాను.

"ఉప్పు వేస్తే చస్తాయటే?" అంది చిన్నగా.

"చస్తాయి."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"పైమట్టి తీసెయ్యాలి. బోలెడు మంచినీళ్లు గుమ్మరించి, ఉప్పంతా కిందికి కడిగెయ్యాలి. మన రెండు ఏసీల నీళ్లు చాలవు."

ఆవిడ లేచింది. అబాయా కప్పుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఎర్రటి ఎండలో వీధిలోకి నడిచి ఉమ్ షాకిర్ తలుపు బాదింది. నేను వెనకాలే పరుగెత్తాను.

"నీ ఏసీ నీళ్లు కావాలి" అంది అత్తగారు.

ఉమ్ షాకిర్ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. వీధిలో ఏ మాట దాగుతుంది కనక! "నా కన్ను చెడ్డదట, నా నీళ్లు మంచివా హజ్జా?"

"నీళ్లకి కళ్లుండవు. ముందు మాషా అల్లా అను. తర్వాత బకెట్ తీయ్."

ఒక్క క్షణం నాకు భయమేసింది. ఉమ్ షాకిర్ మొహంలో నవ్వు మొదలై పొట్ట దాకా దిగింది. "మాషా అల్లా, మాషా అల్లా! నీ బామియాకీ, నీ కోడలికీ, నీ నోటికీ కూడా!" అంటూ లోపలికి కేకేసి బకెట్లు తెప్పించింది.

కరెంటు వచ్చేవరకు పైమట్టి గోకి ఎత్తిపోశాం, అత్తాకోడళ్లం పక్కపక్కన. కరెంటు వచ్చింది. వీధిలో ఏసీలన్నీ ఒక్కసారిగా గుర్రుమన్నాయి. బయట షర్జీ ఎన్నడూ లేనంత బరువుగా ఉంది. ఊరు ఊరంతా దాన్ని తిట్టుకుంటున్న ఆ రోజు మేము ఇంకా వీచమని వేడుకున్నాం. ఆడవాళ్లు బకెట్లతో, డబ్బాలతో, పాల క్యాన్లతో వచ్చారు. గుమ్మంలోకి రాగానే ప్రతి మనిషితో అత్తగారు మాషా అల్లా అనిపించుకుని గానీ లోపలికి వదల్లేదు. మిజ్బాన్ ఆ సాయంత్రం పని మానుకుని వచ్చి, పక్కింటి గోడ మీంచి, ఎదురింటి మేడ మీంచి గొట్టాలు లాగాడు. ఇటుకల సందుల్లోంచి ఉప్పునీళ్లు కారి వాకిలంతా పారాయి. నాలుగు రోజులు అలా కడిగాం. సిమెంటు పెట్టకపోవడం ఎంత మేలైందో అప్పుడే తెలిసింది, సందులు లేకపోతే ఆ ఉప్పు ఎక్కడికీ పోయేది కాదు.

ఐదారు మొక్కలు పోయాయి. మిగతావి మొండిగా నిలబడ్డాయి. ఆకులన్నీ రాల్చేసుకుని, మోళ్లలా కొన్నాళ్లుండి, కణుపు కణుపునా కొత్త చిగురు తొడిగాయి. ఎండ తగ్గేకొద్దీ కాపు ఎక్కువైంది. పొద్దున్నే చేతులకి గుడ్డ చుట్టుకుని, నూగు దురదపెట్టకుండా, చిటికెన వేలి కొసంత కాయలు కోసేదాన్ని. ముదిరితే మా వాళ్లు ముట్టరు. కోసినవి కోసినట్టు అత్తగారు గుడ్డ మీద పరిచి, ఒక్కోటీ తుడిచి, కొన్ని దారానికి గుచ్చి చలికాలానికి ఎండబెట్టింది. గది మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తకపోతే మాత్రం ఏం, ఎండలు తగ్గిపోతున్నాయి. పొద్దున గాలిలో చల్లదనం తగిలిన ప్రతిసారీ నా గుండె ఒక మెట్టు కిందికి దిగేది.

సెప్టెంబరు చివరి శుక్రవారం, అత్తగారు ఫోన్లో పిలిచినవాళ్లు వచ్చేశారు. ఉమ్ నాజీ అని ఒకావిడ, ఆమె వెంట తలవంచుకుని చెల్లెలు. చిన్నవయసులోనే మొగుడు పోయినామె. నాకంటే పదేళ్లు చిన్నది, చల్లటి మొహం. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ కుదరలేదు. వాళ్లు కూర్చున్నారో లేదో మేస్త్రీ హాతిమ్ కూడా గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో తాపీతో. "కబురు పెట్టారట కదా హజ్జా!" అన్నాడు. కబురు పెట్టిందని నాకు తెలియదు.

వచ్చినవాళ్లకి అన్నం పెట్టకుండా పంపే ఇల్లు మాది కాదు. వండాను. సవతినిచ్చే వాళ్లకి నా చేత్తో నా తోట బామియా. గొర్రె ఎముకలు, టమాటా, ఒలిచిన వెల్లుల్లి గుప్పెడు, చివర్లో ఎండునిమ్మ పులుపు. రొట్టెలు తుంచి పళ్లెం నిండా పరిచి, దాని మీద కుండంతా వంచాను. వాకిట్లోనే, తోట పక్కనే చాప వేశాం. అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నారు, మేస్త్రీకి మాత్రం మిజ్బాన్‌తో పాటు విడిగా గుమ్మం దగ్గర పెట్టాను.

పళ్లెం మీంచి ఎవరి చెయ్యీ లేవలేదు. అంతకు మించిన పొగడ్త వంటకి లేదు. ఉమ్ నాజీ వేళ్లు నాకి, "ఇదెక్కడి బామియా హజ్జా? మా అమ్మ చేతి రుచి గుర్తొచ్చింది. మందు వాసనే లేదు!" అంది.

"మాషా అల్లా అను ముందు" అంది అత్తగారు.

ఆ మాట అనేసి, చుట్టూ చూసి, ఉమ్ నాజీ అసలు విషయానికి వచ్చింది. "ఇంతకీ గది ఎక్కడ కడుతున్నారు?"

మిజ్బాన్ చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది. గొంతు సవరించుకున్నాడు. ఏదో అనబోయాడు, ఈసారి నిజంగానే అనబోయాడు, నేను చూశాను. కానీ తల్లే ముందు మాట్లాడింది.

"గదా? ఏ ఇటుకలతో?"

"అవిగో, అన్ని ఇటుకలున్నాయిగా!"

అత్తగారు రొట్టె ముక్కతో పళ్లెం అంచున పులుసు అద్దుకుని, తీరిగ్గా నమిలి మింగింది.

"అవి ఖాళీగా లేవమ్మా. వాటిలో పిల్లలున్నారు."

ఉమ్ నాజీ తోట వైపు చూసింది, నా వైపు చూసింది, ఇంకో ముద్ద పెట్టుకుంది. ఆమె చెల్లెలు తల ఎత్తడం అప్పుడే చూశాను. ఊపిరి తీసుకున్నట్టు నవ్వి, నా వైపు కాస్త జరిగి, "అక్కా, మేడ మీద కూడా పండుతాయా ఇవి? గింజలిస్తావా?" అని గుసగుసగా అడిగింది. ఆమెకీ ఈ గది అక్కర్లేదు. అబాయా కొంగున పట్టినన్ని ఇస్తానన్నాను.

"మరి నన్నెందుకు పిలిచారు హజ్జా?" గుమ్మం దగ్గర్నుంచి అడిగాడు మేస్త్రీ.

"చలికాలం వస్తోంది కదయ్యా. ముల్లంగి పెట్టాలి, మెంతి పెట్టాలి, ఉల్లి పెట్టాలి. మిగిలిన ఇటుకలు గోడవార ఉన్నాయి. దీని పక్కన ఇంకోటి కట్టు, అటు ఇంకోటి. అన్నిటికీ అడుగున నీళ్లు పోవడానికి సందులు వదులు, మా కోడలు చెబుతుంది ఎక్కడెక్కడో. ఈ పాతది ఉంది చూశావా, మంచం గోడ నుంచి ఉయ్యాల మూల దాకా..." ఆవిడ చెయ్యి చాచి, వేసవి మొదట్లో కదిపి చూసిన ఆ ఇటుకనే మళ్లీ కదిపింది. అది ఇంకా కదులుతోంది.

"దీనికి సిమెంటు పెట్టు. ఇంకెవరు కదిపినా కదలకూడదు."

ఎవరూ నా వైపు చూడకుండా ఉంటే బాగుండుననిపించింది. పళ్లెం తీసే మిషతో లేచాను, కళ్లు మసకబారి దారి కనపడలేదు. వెనక నుంచి అత్తగారి కేక వినిపించింది, వీధి చివరి దాకా వినపడేంత గట్టిగా.

"ఎక్కడికే పోతున్నావు, ఉమ్ బామియా? మేస్త్రీకి ఇంకో గరిటె వెయ్యి!"